ఆగస్టు ఫుల్ మారథాన్‌కి 8 వారాలే ఉంది, ఒళ్లు మొరాయిస్తోంది, మానేయాలా?

మియాపూర్_పరుగులమ్మ:

అందరికీ నమస్తే. పెద్ద పోస్టే, ఓపిక ఉంటేనే చదవండి. నాకు 38, ఇద్దరు పిల్లలు, పాప ఆరో క్లాసు, బాబుకి నాలుగేళ్లు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో జాబ్, వారానికి మూడ్రోజులు ఆఫీసుకెళ్లాలి, మిగతా రెండ్రోజులు ఇంట్లోంచే గానీ రాత్రి 9:30 నుంచి 10:30 అమెరికా వాళ్లతో కాల్ మాత్రం ఐదు రోజులూ తప్పదు. పోయినేడు హాఫ్ (21 కిలోమీటర్లు) 2 గంటల 31 నిమిషాల్లో చేశాను, ఆ ఊపులో ఈసారి హైదరాబాద్ ఫుల్‌కి (42 కిలోమీటర్లు) డబ్బులు కట్టేశా. మార్చి దాకా బానే ఉంది. ఇప్పుడు నా వల్ల కావట్లేదు.

4:15 కి లేస్తా, బ్లాక్ కాఫీ తాగి 4:40 కల్లా రోడ్డు మీదుంటా, 6 లోపు ఇంటికొచ్చి పడాలి ఎందుకంటే 7:10 కి పాప బస్సు, అంతలోపు రెండు బాక్సులు, అత్తయ్యకి టిఫిను, బాబుని లేపటం (వాడు లేవడు, అదో యుద్ధం). అందుకని రోజూ కిలోమీటరు 7 నిమిషాల్లో లాగించేస్తున్నా, నిమ్మళంగా పరిగెత్తే టైమేదీ. నాలుగు వారాల నించీ కాళ్లు సిమెంటు పోసినట్టున్నాయి. అదే స్పీడుకి పల్స్ ఇదివరకటి కంటే 12, 15 ఎక్కువ చూపిస్తోంది. వాచీ అయితే రోజూ "అన్‌ప్రొడక్టివ్" (పరిగెత్తినా ఫిట్‌నెస్ పెరగట్లేదని) అని ముఖం మీద కొడుతోంది, అప్రైజల్లో మేనేజరు అన్నది చాలదని ఇదొకటి. జుట్టు ఊడుతోంది, పోయిన నెల పీరియడ్ రాలేదు (ప్రెగ్నెన్సీ కాదు, చూసుకున్నా).

మొన్న ఆదివారం 26 కిలోమీటర్లు పెట్టుకున్నా. 19 దగ్గర కేబుల్ బ్రిడ్జ్ ఎక్కుతుంటే ఏడుపొచ్చేసింది, ఎందుకో నాకే తెలీదు, నొప్పి కూడా ఏం లేదు. ఆటో ఎక్కి వచ్చేశా. మాది మూడో ఫ్లోరు, మా గుమ్మం దాకా వచ్చి కూడా లోపలికి పోకుండా చెప్పుల స్టాండ్ పక్కన మెట్ల మీద బూట్లు కూడా విప్పకుండా ఇరవై నిమిషాలు కూర్చున్నా. తలుపు తీస్తే అమ్మా అని మొదలవుద్ది కదా. లోపల్నుంచి కుక్కర్ విజిల్ వినపడుతోంది, ఆరోది వచ్చేసరికి ఇంక పప్పు మాడుద్దని లేచెళ్లా.

మా ఆయన మంచోడే, కానీ ఏమన్నా అంటే "నిన్నెవరు పరిగెత్తమన్నారు" అంటాడు. నిజమే, ఎవరూ అన్లేదు. రోజు మొత్తంలో నాకోసం అని చేసుకునేది అదొక్కటే, అది కూడా ఇప్పుడు ఆఫీసు టాస్కులాగా టిక్కు పెట్టుకునే పనైపోయింది. మానేస్తే ఓడిపోయినట్టుంటది, చేస్తే ఏమవుద్దో అని భయం. ఎవరికన్నా ఇలా అయ్యిందా?

సికింద్రాబాద్_సుబ్బులు:

అమ్మాయ్, ముందు షూ విప్పి రక్తం టెస్టుకిచ్చిరా. నాకు 54, బ్యాంకులో పనిచేస్తా, 43వ ఏట పరుగు మొదలెట్టా. నువ్వు రాసింది చదువుతుంటే నా 2017 డైరీ చదువుతున్నట్టుంది. నేనూ అప్పుడు మనసు బాలేదు, మెనోపాజ్ వచ్చేస్తోందేమో, బద్ధకమేమో అని ఏవేవో అనుకున్నా. తీరా చూస్తే హిమోగ్లోబిన్ 9.1. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే వయసైపోయిందనుకున్నా గానీ రక్తం లేదని అనుకోలేదు చూడు.

2019-21 ప్రభుత్వ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత అని తేలింది. అంటే లిఫ్టులో నలుగురం ఎక్కితే ఇద్దరికి ఉన్నట్టే. అందులో మనం పరిగెత్తేవాళ్లం, చెమటలో కొంత పోద్ది, నెలనెలా పోయేది సరేసరి.

ఉత్త హిమోగ్లోబిన్ ఒక్కటే చేయించుకోకు. ఫెరిటిన్ కూడా రాయమని అడుగు, అది ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్తుంది. హిమోగ్లోబిన్ 12 దాటి బానే ఉన్నా ఫెరిటిన్ అడుగంటి ఉండొచ్చు, అప్పుడు కూడా కాళ్లు సిమెంటులానే ఉంటాయి. దాంతో పాటు థైరాయిడ్, బి12, విటమిన్ డి. పీరియడ్ ఆగిందన్నావు కదా, ఆ మాట డాక్టరు దగ్గర దాచకుండా చెప్పు, గైనకాలజిస్టుకే చూపించుకో. మనవాళ్లు చాలామంది పీరియడ్ రాకపోతే హాయి అనుకుంటారు, కాదమ్మా.

అన్నట్టు, మాత్రలిస్తే టీతో కాఫీతో వేసుకోకు, ఐరన్ ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో వేసుకో. నేను మూడు నెలలు పొద్దున్నే చాయ్‌తో వేసుకుని, పనిచేయట్లేదని డాక్టర్ని తిట్టుకున్నా.

నిజం_మాట్లాడతా:

ఎవరూ ఏమీ అనుకోవద్దు. మా అమ్మ ఐదుగురు పిల్లల్ని పెంచింది, బావిలో నీళ్లు తోడింది, పొలానికెళ్లింది, ఆవిడకి బర్నవుట్ (పనితో పూర్తిగా అలసిపోయి చేతులెత్తేయటం) అనే మాటే తెలీదు. ఇంట్లో పిల్లలుండగా ఆదివారం పొద్దున నాలుగ్గంటలు రోడ్ల మీద ఎందుకు పరుగులు? పార్కులో అరగంట వాకింగ్ చేసుకుంటే సరిపోదా?

సికింద్రాబాద్_సుబ్బులు:

@నిజం_మాట్లాడతా బాబూ, మీ అమ్మగారికి ఆ మాట తెలీదు సరే, అలసట తెలీదని ఆవిడ మీకు చెప్పారా? ఎప్పుడన్నా అడిగారా? 1984 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మారథానే పెట్టలేదు, అప్పుడు కూడా ఇలాగే "ఎందుకు" అన్నవాళ్లు బోలెడుమంది. వాకింగ్ మీరు చేసుకోండి, మంచిదే.

ఓరుగల్లు_మామ:

నేను వేరే వైపు నుంచి చెప్త. మా ఇంట్ల పరిగెత్తేది నా భార్య, నేను కాదు. నిన్నెవరు పరిగెత్తమన్నరు అన్న డైలాగ్ నేను గూడ కొట్టిన, రెండేండ్ల కింద. తర్వాత ఒకసారి ఆమెకు టైఫాయిడ్ వచ్చి పది రోజులు మంచం మీద ఉంటే ఇల్లు నా మీద పడ్డది, అప్పుడు తెలిసొచ్చింది. వంట పెద్ద కథ కాదు. రేపేం వండాలె, పెరుగు తోడేసిన్నా, పాపకు చార్ట్ పేపర్ కావాలన్నరు గద, గ్యాస్ బుక్ చేసిన్నా, ఇవన్నీ తలకాయల తిరుగుతనే ఉంటయి సూడు, నాకు మూడో రోజుకే పిచ్చెక్కింది.

2019ల కేంద్ర ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే చేసింది, ఇంటి పని చేసేటోళ్లల్ల ఆడోళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగోళ్లు 97 నిమిషాలు చేస్తున్నరని వచ్చింది. 299 నిమిషాలంటే అయిదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. మనసొంటి మామూలోళ్లు ఒక ఫుల్ మారథాన్ కొట్టే టైమది. అంటే అక్కా, నువ్వు రోజు ఒకటి కొడుతనే ఉన్నవ్, పైకెల్లి ప్రాక్టీస్ అంటున్నవ్.

మేం ఏం చేసినమంటే, ఆదివారం పొద్దున 10 దాంక ఇల్లు నాది అని రాసుకున్నం. సాయం అనలే, డ్యూటీ అన్నం. ఫోన్ చేసి డబ్బా ఎక్కడుంది, పిల్లగాడు ఏడుస్తున్నడు అని అడుగుడు బంద్. మొదటి ఆదివారం నేను ఉప్మా చేస్తే మా అమ్మ గూడ తినలే. ఇప్పుడు మంచిగనే చేస్తున్న. బావతోని కొట్లాడే ముచ్చట కాదిది, కూసోబెట్టి సరింగ చెప్పు, ఎప్పుడు ఏ పని అనేది గడియారం టైముతోని సహా చెప్పు. మాకు అట్ల చెప్తేనే ఎక్కుతది, సిగ్గులేకుంట ఒప్పుకుంటున్న.

నెమ్మది_పరుగు:

మా రన్నింగ్ గ్రూపులో కొత్తవాళ్లకి ప్లాన్లు నేనే రాస్తుంటా, డాక్టర్ని కాదు, కాబట్టి ఒంటి సంగతి సుబ్బులు గారు చెప్పినట్టు ముందు టెస్టులు. నేను పరుగు వరకే మాట్లాడతా.

మీ హాఫ్ 2:31 అంటే కిలోమీటరుకి దాదాపు 7:10 పడింది. ఇప్పుడు రోజువారీ పరుగు 7 లో చేస్తున్నా అన్నారు. అంటే మీరు వారానికి ఐదు రోజులు రేసు కంటే స్పీడుగా పరిగెత్తుతున్నారు, అది కూడా ఆరు గంటల లోపు నిద్రతో, ఖాళీ కడుపుతో, జులై ఉక్కలో. కాళ్లు మొరాయించక ఏం చేస్తాయండీ, నేనైతే రెండో వారంలోనే పడిపోయేవాణ్ణి. ఈజీ రన్ అంటే పక్కనున్నవాళ్లకి నిన్నటి సీరియల్ కథ ఆయాసం లేకుండా చెప్పగలగాలి. మీకు ఈ ఎండాకాలం, వానాకాలం మధ్య ఉక్కలో అది 8, 8:15 అవుతుంది. వాచీ ఏమన్నా అననీయండి, దానికి మీ ఇంట్లో నాలుగేళ్ల బాబున్నాడని తెలీదు.

మీరు తొందరపడేది బస్సు కోసం కదా, ఫిట్‌నెస్ కోసం కాదు. అలాంటప్పుడు 9 కిలోమీటర్లని రాసుకుని పరిగెత్తటం మానేసి 45 నిమిషాలని రాసుకోండి. ఎంత దూరం వస్తే అంత. చాలామందికి ఈ ఒక్క మార్పుతో సగం టెన్షన్ పోతుంది.

ఇంకోటి తిండి. బ్లాక్ కాఫీ మీద వారంలో నాలుగైదు రోజులు గంటకి పైగా పరుగు, తర్వాత పిల్లల బాక్సులు సర్ది మీరు తినేసరికి ఏ 9:30 అవుతుందో. ఖర్చు పెట్టినంత లోపలికి పోకపోతే ఒళ్లు పొదుపు మొదలెడుతుంది, ముందు కోసేది పీరియడ్‌నే, తర్వాత ఎముకలు. దీన్ని స్పోర్ట్స్ డాక్టర్లు రెడ్-ఎస్ అంటారు, ఒలింపిక్ కమిటీ వాళ్లు 2014లో పెట్టిన పేరు. సన్నబడ్డావే అని ఎవరన్నా మెచ్చుకుంటుంటే ఇంకా అనుమానించాలి. వెళ్లే ముందు ఒక అరటిపండో రెండు ఖర్జూరాలో, రాగానే బాక్సుల కంటే ముందు ఒక గ్లాసు రాగి జావ, మజ్జిగ పోసుకుని. రాత్రే కాచి పెట్టుకోవచ్చు. నిలబడి తాగినా పర్లేదు.

ఇక ఫుల్ సంగతి. ఇప్పుడున్న పరిస్థితిలో 8 వారాల్లో లాంగ్ రన్ (వారానికోసారి చేసే పెద్ద పరుగు) 32 కిలోమీటర్ల దాకా పెంచి, చివరి రెండు మూడు వారాలు తగ్గించాలంటే నికరంగా మిగిలేది ఐదు వారాలు. హైదరాబాద్ కోర్సు అసలు ఫ్లాట్ కాదు, నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లూ ఎత్తులూ, ఎండ వచ్చాక చివరి పది కిలోమీటర్లు. నేనైతే మిమ్మల్ని పరిగెత్తమనను. రెండు వారాలు పూర్తిగా ఆపండి, వాకింగ్ కూడా బుద్ధి పుడితేనే. జనవరిలో ముంబై మారథాన్ ఉంది, చలికాలం ట్రైనింగ్, నిద్ర కూడా బాగా పడుతుంది. అది కూడా రిపోర్టులు బాగుంటేనే.

డాలస్_నుంచి_లక్ష్మి:

నాకు రన్నింగ్ గురించి ఏం తెలీదు గానీ మెట్ల మీద కూర్చోవటం గురించి తెలుసు. నేను గరాజ్‌లో కారు ఆపేసి అందులోనే కూర్చుంటా. ఇక్కడ పనిమనిషి ఉండదు, అత్తయ్యలు ఆరు నెలలకోసారి వస్తారు. 2019లో డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు బర్నవుట్‌ని వాళ్ల జబ్బుల పట్టికలో ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితి అని రాశారు, జబ్బు కాదన్నారు. ఆఫీసుది వరకేనట. ఇంటి చాకిరీ ఏ కాలమ్‌లో రాస్తారో మరి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, దేనిమీదా మనసు పోకపోతే కౌన్సెలర్‌తో కూడా మాట్లాడు ప్లీజ్. నేను ఎనిమిది నెలలు లేటు చేశా.

మియాపూర్_పరుగులమ్మ:

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నా, అందరికీ చాలా థాంక్స్. (@నిజం_మాట్లాడతా గారు, మా అమ్మని అడిగా. "అలసిపోయేదాన్నే, ఎవరితో చెప్పను" అంది.)

రిపోర్టులొచ్చాయి. హిమోగ్లోబిన్ 10.4, ఫెరిటిన్ 8. 15 కంటే తగ్గితే నిల్వ ఖాళీ అయినట్టేనట, నాది అందులో సగం. థైరాయిడ్ బానే ఉంది. గైనకాలజిస్టు తిట్టింది, రోజూ ఎంత తింటానో రాసుకురమ్మంది, రాస్తే నాకే సిగ్గేసింది, మధ్యాహ్నం దాకా నేను తినేది పిల్లలు బాక్సులో వదిలేసిన దోశ ముక్కలే. ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోమంది.

ఫుల్ వదిలేశా. కట్టిన డబ్బులు పోతే పోయాయి. నాకెందుకో ఓడిపోయినట్టు అనిపించలేదు, టెస్టు కాగితం చేతిలో ఉండటం వల్లేమో, బద్ధకం కాదని ప్రూఫ్ దొరికినట్టైంది. పల్చటి రిపోర్టు కాగితం కోసం ఇన్నాళ్లు ఆగానా అని తర్వాత కోపమొచ్చింది అనుకోండి.

మా ఆయనకి ఓరుగల్లు మామ పోస్టే చూపించా. 299 దగ్గర ఆగి, క్యాలిక్యులేటర్ తీసి మా ఇంటి లెక్క కట్టాడు, సాఫ్ట్‌వేర్ వాడు కదా. తనది 40 వచ్చింది. ఏం మాట్లాడలేదు. మర్నాడు పాప బాక్స్ తనే కట్టాడు, మూత సరిగ్గా పెట్టలా, సాంబారు బ్యాగంతా అయ్యింది, పాప నాకు ఫోన్ చేస్తే నాన్నకి చెయ్యమన్నా. రాత్రి కాల్ కూడా వారానికి రెండ్రోజులు టీంలో వేరే వాళ్లు తీసుకునేలా మాట్లాడుకున్నా, ఇంతకాలం ఎందుకు అడగలేదో తెలీదు.

మొన్న ఆదివారం అలారం పెట్టలేదు. అయినా 4:10 కి మెలకువొచ్చింది, బాబు కాలు నా పొట్ట మీదేసి పడుకున్నాడు, అలాగే ఉండిపోయా, 7:40 కి లేచా.

ఒక్క డౌటు, ఈ ఐరన్ మాత్రతో మోషన్ అస్సలు అవ్వట్లేదు, మీరేం చేశారు సుబ్బులు గారూ?

సికింద్రాబాద్_సుబ్బులు:

అంజీర్ రెండు రాత్రి నానబెట్టి పొద్దున్నే తిను, నీళ్లు బాగా తాగు. మోషన్ నల్లగా వస్తుంది, కంగారు పడకు, మాత్ర వల్లే. వారానికీ తగ్గకపోతే డాక్టరుకి చెప్పు, మాత్ర మారుస్తారు. నాకు రెండోది పడింది.