ప్రెషర్ క్యానర్ ఏది కొనాలి? బీన్సు విరగకాసింది, ఫ్రీజరులో చోటు లేదు

పెరటి మడి, ఫ్రిస్కో, టెక్సస్
ఈ ఏడు బీన్సు, టమాటా, బెండ ఆపలేనంతగా కాస్తున్నాయి. ఇరుగుపొరుగుకు పంచినా తరగడం లేదు. ప్రెషర్ క్యానర్ (సీసాల్లో నింపిన కూరలను ఆవిరి ఒత్తిడితో వేడిచేసి నిలవ ఉంచే పెద్ద గిన్నె) కొని సీసాల్లో పట్టుకుందామని నిర్ణయించుకున్నాం. ప్రెస్టో 23 క్వార్టులది (క్వార్టు అంటే దాదాపు లీటరు) చాలా, లేక రెండు మూడింతల ధర పెట్టి ఆల్ అమెరికన్ 921 తీసుకోవాలా? మాది గాజు పలక ఉన్న ఎలక్ట్రిక్ పొయ్యి. దాని మీద ఏది పెట్టవచ్చు? గోంగూర పప్పు కూడా ఇలా నిలవ చేసుకోవచ్చా?

కమ్మింగ్ వాసి, జార్జియా
ఆల్ అమెరికన్ తీసుకోండి. రబ్బరు గాస్కెట్ ఉండదు, మూత గిన్నె మీద లోహానికి లోహం ఆనుకుని కూర్చుంటుంది. చుట్టూ ఉన్న మరలను ఎదురెదురుగా రెండేసి చొప్పున బిగించాలి, అంతే. విస్కాన్సిన్‌లోని మానిటోవాక్‌లో పోతపోసి చేస్తారు. పిల్లల తరానికీ పనికొస్తుంది. మేము ఏళ్లుగా 10 పౌండ్ల వెయిట్ (లోపలి ఒత్తిడిని 10 పౌండ్ల దగ్గర నిలిపే బరువు) పెట్టి బీన్సు పట్టుకుంటున్నాం, పైంటు (అర క్వార్టు) సీసాలకు 20 నిమిషాలు. ఒక్క సీసా కూడా పాడవలేదు.

ఇంటి కుక్కర్, ఎడిసన్, న్యూజెర్సీ
ఇంత ఖర్చు ఎందుకండీ? ప్రతి ఇంట్లోనూ ఇండియా నుంచి తెచ్చుకున్న పది లీటర్ల కుక్కర్ ఉంటుంది. అదీ ఆవిరే, ఇదీ ఆవిరే. అడుగున పళ్లెం పెట్టి సీసాలు నిలబెట్టి విజిల్స్ రానిస్తే సరిపోదా? అమెరికా వచ్చాక ప్రతిదానికీ వేరే యంత్రం కొనే అలవాటు మనకు ఎందుకో అర్థం కాదు.

కొండ కాపు, డెన్వర్, కొలరాడో
కమ్మింగ్ వాసి గారూ, మీ ఊరు సముద్రమట్టానికి వెయ్యి అడుగుల పైన ఉంది. అట్లాంటా విమానాశ్రయమే 1,026 అడుగుల ఎత్తు, మీరు అక్కడికి ఉత్తరాన ఇంకా పైకి ఉన్నారు. వెయిట్ వాడేవాళ్లకు 10 పౌండ్లు వెయ్యి అడుగుల వరకే. ఆ పైన 15. మీరు తక్కువ ఒత్తిడితో సీసాలు పట్టుకుంటున్నారు.

కమ్మింగ్ వాసి, జార్జియా
డెన్వర్ లెక్కలు డెన్వర్‌కు వాడుకోండి. మాది కొండ ప్రాంతం కాదు. జార్జియాలో ఎవరైనా తమ ఇంటిని ఎత్తైన చోటు అంటారా? 15 పెడితే బీన్సు గుజ్జయిపోతుంది.

కొండ కాపు, డెన్వర్, కొలరాడో
ఊరు చదునుగా కనిపిస్తుందా, గుట్టలా కనిపిస్తుందా అన్నది కాదు ప్రశ్న. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది, అదే 10 పౌండ్ల దగ్గర లోపలి వేడి తగ్గుతుంది. కావలసింది 240 డిగ్రీల ఫారన్‌హీట్. మా ఊరిలో మామూలు నీళ్లు 203 దగ్గరే మరుగుతాయి, కాబట్టి ఈ సంగతి మాకు నిత్యం అనుభవం. వెయిట్లు 5, 10, 15 మాత్రమే ఉంటాయి, మధ్యలో ఏమీ లేదు. అందుకే వెయ్యి దాటగానే ఏకంగా 15కి వెళ్లాలి. మీకు అంతగా గుజ్జవుతుందన్న భయం ఉంటే డయల్ గేజ్ (ముల్లుతో ఒత్తిడి చూపే మీటరు) చూసి పట్టుకోండి. దానికి రెండు వేల అడుగుల వరకు 11 చాలు. నేనయితే ఇక్కడ గేజ్ మీద 13 పెడతాను.

కమ్మింగ్ వాసి, జార్జియా
ఇన్నేళ్లుగా తిని ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పాఠాలు చెప్పకండి. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అడిగింది వారు, క్యానర్ గురించి. మా ఇంటి ఎత్తు గురించి కాదు.

నీలి సీసా, కొలంబస్, ఒహాయో
"ఎవరికీ ఏమీ కాలేదు" అనే మాట దయచేసి ఇక్కడ అనకండి. మాకు దగ్గరలోని లాంకాస్టర్‌లో 2015 ఏప్రిల్‌లో ఒక చర్చి విందులో బంగాళదుంప సలాడ్ వల్ల 29 మంది బాటులిజం అనే విషాహార వ్యాధి బారిన పడ్డారు, ఒకరు చనిపోయారు. ఆ దుంపలు ఇంట్లో సీసాల్లో పట్టినవే. ప్రెషర్ క్యానర్ లేకుండా, మరిగే నీళ్లలో ముంచి తీశారు. ఆ విషానికి రంగు, వాసన, రుచి ఏవీ ఉండనక్కరలేదు. ఇంటి కుక్కర్ గారికీ ఇదే నా మనవి. ఈ ఊళ్లో ఉన్నవాళ్లం ఆ వార్త మరచిపోలేం.

ఇంటి కుక్కర్, ఎడిసన్, న్యూజెర్సీ
అది మరిగే నీళ్లలో చేసింది. నేను చెప్పింది కుక్కర్. రెండిటినీ కలిపి భయపెట్టడం న్యాయం కాదు.

సూక్ష్మజీవి, శాన్ హోసే, కాలిఫోర్నియా
నేను ఆహార సూక్ష్మజీవశాస్త్రం చదువుకుని, డబ్బాల్లో ఆహారం నింపే కర్మాగారంలో నాణ్యతా విభాగంలో పనిచేసినదాన్ని. కాబట్టి ఈ విషయంలో నా మాటకు విలువ ఇవ్వండి.

ఇంటి కుక్కర్ గారూ, కుక్కర్ కూడా 15 పౌండ్ల దాకా వెళ్తుంది, నిజమే. కానీ క్యానింగ్ పుస్తకాల్లో ఉన్న నిమిషాలను లెక్కకట్టింది పెద్ద క్యానర్లలో. పెద్ద గిన్నె నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. ఆ ఎక్కే దిగే సమయంలో కూడా సీసాలోని పదార్థానికి వేడి అందుతూనే ఉంటుంది, అది లెక్కలో భాగం. చిన్న కుక్కర్ త్వరగా ఎక్కి త్వరగా దిగుతుంది, ఆ వేడి తగ్గిపోతుంది. క్వార్టు సీసాలు కనీసం నాలుగు నిలబెట్టి మూత పెట్టగలిగితేనే క్యానర్ కింద లెక్క అని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. పైగా మీ కుక్కర్లో విజిల్ వస్తూ పోతూ ఉంటుంది, ఒత్తిడి నిలకడగా ఎంత ఉందో చూపే గేజ్ లేదు. వెయిట్ పెట్టే ముందు పది నిమిషాలు ఆవిరిని ధారగా వదిలి లోపలి గాలిని బయటికి పంపాలి. గాలి మిగిలితే ఒత్తిడి ఉంటుంది గానీ వేడి ఉండదు.

గోంగూర పప్పు సంగతి. వద్దు. చిక్కటి పదార్థంలో వేడి సీసా మధ్యకు చేరడానికి ఎంత సేపు పడుతుందో చెప్పలేం. గుమ్మడిని కూడా ముక్కలుగానే పట్టాలి తప్ప గుజ్జుగా వద్దంటారు, కారణం అదే.

గోంగూర కట్ట, చికాగో
గోంగూర పుల్లనిది కదా. పులుపు ఉంటే క్రిములు పెరగవని అంటారు. పప్పులో వేసినా పులుపు పులుపే.

సూక్ష్మజీవి, శాన్ హోసే, కాలిఫోర్నియా
పప్పు పులుపును తగ్గించేస్తుంది. కావలసిన హద్దు 4.6 పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) లోపు, ప్రతి ముక్కలోనూ. టమాటాలే ఆ హద్దు దగ్గర ఊగుతుంటాయి కాబట్టి క్వార్టు సీసాకు సీసాలో అమ్మే నిమ్మరసం రెండు టేబుల్ స్పూన్లు, పైంటుకు ఒకటి తప్పక కలపాలి. ప్రెషర్ క్యానర్లో పట్టినా సరే. చెట్టు మీది నిమ్మకాయ పిండకండి, దాని పులుపు కాయకో రకంగా ఉంటుంది.

ఆవకాయ జాడీ, డల్లాస్
ఇదంతా చదువుతుంటే మన వాళ్ల తెలివి గుర్తొస్తోంది. ఆవకాయకు ఏ యంత్రం కావాలి? పుల్లటి మామిడి ముక్క, ఉప్పు, ఆవపిండి, నూనె. ఏడాదంతా ఉంటుంది. గోంగూర పచ్చడి కూడా అంతే. పొయ్యి మీద గంటలు గంటలు ఆవిరి పట్టి ఆకును మెత్తని పేస్టు చేసుకోవడం దేనికి?

నీలి సీసా, కొలంబస్, ఒహాయో
ఆకుకూరల విషయంలో మీతో ఏకీభవిస్తాను. పాలకూరకు పైంటు 70 నిమిషాలు, క్వార్టు 90. ఆ తర్వాత సీసాలో మిగిలేది ఆకు కాదు. ఆకును వేడినీళ్లలో ముంచి తీసి ఫ్రీజరులో పెట్టుకోవడమే మేలు. క్యానర్ బీన్సు, బెండ, మాంసం కోసం కొనాలి. బెండకు పైంటు 25, క్వార్టు 40. మా ఇంట్లో చలికాలం పులుసులోకి ఆ బెండే దిక్కు, జిగురు కొంత ఉంటుంది గానీ రుచి బాగుంటుంది.

ఆవకాయ జాడీ, డల్లాస్
మరి కొందరు వెల్లుల్లిని ఉత్త నూనెలో వేసి గట్టు మీద పెట్టేస్తున్నారు, దాని మీద ఎవరూ మాట్లాడరేం? పులుపు లేని వెల్లుల్లి నూనెలో మునిగితే గాలి అందదు. ఆ విషక్రిమికి కావలసింది అదే. ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో వాడేయాలి. ఆవకాయలో వెల్లుల్లి వేరు, అక్కడ పులుపు, ఉప్పు కాపాడతాయి.

పెరటి మడి, ఫ్రిస్కో, టెక్సస్
అందరికీ ధన్యవాదాలు. నేను అడిగిన పొయ్యి సంగతి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గాజు పలక పగిలితే ఆ నష్టం మాది. దయచేసి ఎవరైనా చెప్పండి.

కొండ కాపు, డెన్వర్, కొలరాడో
ఆల్ అమెరికన్ తయారీదారులే గాజు పొయ్యి మీద వద్దని అంటారు. ప్రెస్టో పెట్టవచ్చని ప్రెస్టో వాళ్లు చెబుతారు. కానీ మీ పొయ్యితో వచ్చిన సూచనల పుస్తకం కూడా చదవండి, బరువుకు, గిన్నె వెడల్పుకు హద్దు ఉండవచ్చు. ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం ప్రెస్టో పనిచేయదు, దానికి ప్రత్యేకంగా చేసింది ఉంది. నిండిన క్యానర్‌ను పలక మీద జరపకుండా ఎత్తి పెట్టండి. మీ పరిస్థితికి ప్రెస్టో 23 సరైనది. క్వార్టు సీసాలు ఏడే పడతాయి, పైంట్లయితే రెండు వరుసల్లో పెట్టుకోవచ్చు. దానితో వచ్చే డయల్ గేజ్ మీద ఆధారపడకుండా 5, 10, 15 మూడు ముక్కల వెయిట్ విడిగా కొనుక్కోండి, తక్కువ ఖరీదే. ఫ్రిస్కో వెయ్యి అడుగుల లోపే ఉంటుంది, మీకు 10 చాలు.

కమ్మింగ్ వాసి, జార్జియా
గాజు పొయ్యి అయితే ప్రెస్టో సరే. కానీ గాస్కెట్ ఎండి పగుళ్లిస్తుంది, అదనంగా ఒకటి దగ్గర పెట్టుకోండి. మేము బయట గ్యాసు స్టవ్వు మీద పెడతాం, ఆల్ అమెరికన్‌కు తిరుగులేదు.

కొండ కాపు, డెన్వర్, కొలరాడో
15 వెయిట్ పెట్టి సీసాలు పట్టుకుంటున్నారా లేదా?

పాత సామాను, రాలీ, నార్త్ కరోలినా
ఈ చర్చ మధ్యలో నా ప్రశ్న. గ్యారేజ్ సేల్‌లో పాత ప్రెస్టో చవకగా దొరుకుతోంది. డయల్ గేజ్ ఉంది. తీసుకోవచ్చా?

సూక్ష్మజీవి, శాన్ హోసే, కాలిఫోర్నియా
మూత అంచు వంగి ఉంటే, గిన్నె అడుగు ఉబ్బి ఉంటే వదిలేయండి. బాగుంటే గాస్కెట్, భద్రతా ప్లగ్ కొత్తవి వేయించి, మూతను మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయానికి (వ్యవసాయం, ఇంటి ఆహారం మీద సలహాలిచ్చే స్థానిక కార్యాలయం) తీసుకెళ్లి గేజ్ పరీక్ష చేయిస్తారేమో కనుక్కోండి. ఏటా చేయించాల్సిన పనే అది. రెండు పౌండ్లకు మించి తేడా ఉంటే గేజ్ మార్చాలి. సీసాల పల్చటి మూతలు మాత్రం ప్రతిసారీ కొత్తవే, వాటిని బిగించే మర వలయాలు మళ్లీ వాడుకోవచ్చు.

పాత సామాను, రాలీ, నార్త్ కరోలినా
మా కౌంటీలో ఆ పరీక్ష చేసేవాళ్లు లేరట. పక్క కౌంటీ వాళ్లు బయటివాళ్లకు చేస్తారా? ఇక్కడ ఎవరైనా చేయించుకున్నారా?