వెనిస్‌లో గైడు వెంట బార్ల నడక మాకు తగినదేనా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి): వచ్చే నెల వెనిస్‌లోని కన్నరేజో పేటలో గైడు వెంట చిన్న బార్లు తిరిగే బృందంలో చేరాలని ఉంది. అయితే మా చెల్లెలు శాకాహారి, నేను ఒక గ్లాసుకు మించి తాగను. చేరవచ్చా?

జవాబు: నిస్సంకోచంగా చేరండి. అక్కడి ‘బాకరో’లలో, అంటే చిన్న వైన్ బార్లలో, ‘ఓంబ్రా’ అడిగితే చిన్న గ్లాసు వైన్ పోస్తారు. ఆ మాటకు నీడ అని అర్థం, పూర్వం సాన్ మార్కో గంటగోపురం నీడలో వైన్ అమ్మేవారు కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. నిలబడి కబుర్లు చెప్పుకోవడమే అందులోని ఆనందం కనుక, తక్కువ తాగేవారికే అది ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం. 1516లో ఏర్పడిన యూదుల గెట్టో (వారిని విడిగా ఉంచిన వాడ) ఆ పేటలోనే ఉంది, తప్పక చూడండి.

మరో జవాబు: మీ చెల్లెలి విషయం బుకింగ్ సమయంలోనే తెలియజేయండి. రొట్టెముక్కలపై పెట్టే తెల్లని ముద్ద వెన్నలా కనిపించినా, అది తరచుగా ఎండుచేపతో చేసినదే.

అడిగినవారు: ఎండుచేప సంగతి చెప్పి మేలు చేశారండీ, ఈ రాత్రే వారికి రాస్తాను.