పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా? ఏడో విడతలో ఎంపికైన కుర్రవాడూ, మన సామెతలూ

డెట్రాయిట్ శివార్లలో ఉంటున్న సోదరుడు మొన్న ఇక్కడ పెట్టిన ప్రశ్నకు జవాబు ఇది. ఆయన మిత్రుల మధ్య ఐస్ హాకీ వాదన నడిచిందట. అభిమాన జట్టు ఏడో విడతలో ఎంచుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ని ఏ దారిలో ఎదగనివ్వాలన్నది అక్కడి గొడవ. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది, వీడిలో సత్తా ఉంటే మొదటి విడతలోనే ఎవరో ఒకరు తన్నుకుపోయేవారు" అన్నారట ఒకరు. "మొక్కై వంగనిది మానై వంగునా, స్కేటింగ్ లోపం ఇప్పుడే సరిచేయకపోతే ఎప్పటికీ సరికాదు, వెంటనే పెద్దవాళ్ల లీగులో పడేయాలి" అన్నారట మరొకరు. ఈ సామెతలు ఇక్కడ అతుకుతాయా అని సోదరుడు అడిగారు. ఇంతవరకు జవాబిచ్చిన వారిలో చాలామంది చక్కగా అతుకుతాయన్నారు. నేను ఒప్పుకోలేను. సామెతల్లో దోషమేమీ లేదు. అవి అనని మాటను మనం వాటి నోట పలికిస్తున్నాం.

హాకీతో పరిచయం లేని సభ్యుల కోసం రెండు ముక్కలు. ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. ఏటా వేసవిలో అవి కొత్త కుర్రవాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. మన ఐపీఎల్ వేలంలా ఇక్కడ పాట ఉండదు, ధర పలకదు. 2005 నుంచి ఏడు విడతలు, ఇప్పటి 32 జట్ల లెక్కన మొత్తం 224 ఎంపికలు. ఎంపికైనంత మాత్రాన జట్టులో చోటు దొరకదు, చాలాసార్లు ఒప్పందం కూడా వెంటనే దొరకదు. ఆ కుర్రవాడితో ఒప్పందం చేసుకునే హక్కు కొంతకాలం ఆ క్లబ్బుకు మాత్రమే ఉంటుంది, అంతే. పద్దెనిమిదేళ్ల వయసులో వేసిన అంచనా అది. అందులోనూ ఏడో విడత అంటే, అప్పటికే ప్రతి జట్టూ ఆ పిల్లవాణ్ని ఆరేసిసార్లు దాటవేసిందన్న మాట.

ఇక సామెత. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది." ఈ వాక్యంలో పుట్టేది ఏది? పువ్వు. విత్తనం కాదు, మొలక కాదు, మొగ్గ కూడా కాదు. పువ్వు పుట్టిందంటే అప్పటికే వేరు దిగింది, కొమ్మ సాగింది, మొగ్గ తొడిగింది, విచ్చుకుంది. "పుట్టగానే" లోని "గానే" చేసే పని కూడా చూడండి. తలుపు తీయగానే గాలి వచ్చింది, వాన కురవగానే మట్టి వాసన లేచింది అంటాం. మొదటి పనికీ రెండో పనికీ మధ్య ఎడం లేదని మాత్రమే అది చెబుతుంది. తలుపు ఎప్పుడు తీస్తారో, వాన ఎప్పుడు కురుస్తుందో చెప్పదు. ఆ లెక్కన, పూసిన నాడు వాసన దాగదన్నది ఈ సామెత మాట. ఏ వయసులో పూయాలో అది నిర్ణయించలేదు.

వాడుకలో పువ్వంటే బాల్యమన్న అర్థం స్థిరపడిన మాట నిజమే. పాఠశాల వార్షికోత్సవాల్లోనూ సన్మాన సభల్లోనూ మనం వినేది ఆ అర్థమే. చిన్ననాడే ప్రతిభ చూపిన వారిని మెచ్చుకోవడానికి వాడితే నాకు పేచీ లేదు. మెచ్చుకోలుకు పుట్టిన మాటను తిప్పి పట్టుకుని, చిన్ననాడు కనిపించనివాడు ఎప్పటికీ పనికిరాడని తీర్పు చెప్పడానికి వాడితే మాత్రం పేచీ ఉంది. సామెత ఆ తిరగేసిన మాట అననే లేదు.

ఈ తీర్పు ఎంత తప్పో చూపడానికి హాకీలో లుండ్‌క్విస్ట్ కవలల కథను మించినది నాకు తోచదు. హెన్రిక్, యోయెల్ ఒకే కడుపున ఒకే రోజున, 1982 మార్చి 2న, స్వీడన్‌లో పుట్టారు. ఒకే ఊళ్లో పెరిగారు. యోటెబోరి నగరంలోని ఫ్రోలుండా క్లబ్బులో ఇద్దరూ ఆడారు. 2000 డ్రాఫ్ట్‌లో యోయెల్‌ను డల్లాస్ జట్టు మూడో విడతలో 68వ వాడిగా ఎంచుకుంది. గోల్‌కీపర్ హెన్రిక్ కోసం ఏడో విడత దాకా ఎవరూ చెయ్యెత్తలేదు. 205వ వాడిగా న్యూయార్క్ రేంజర్స్ తీసుకుంది. ఒకే ఇంటి ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన చూసిన అనుభవజ్ఞులు, వీడు ముందు, వాడు వెనక అని తేల్చారు.

రేంజర్స్ జట్టు హెన్రిక్‌ను వెంటనే సముద్రం దాటించలేదు. ఇక్కడే సోదరుడి ప్రశ్నకు అసలు జవాబు ఉంది. ఎంపికైన తరువాత అతను మరో ఐదేళ్లు ఫ్రోలుండాలోనే ఉన్నాడు. 2003లోనూ 2005లోనూ ఆ క్లబ్బు స్వీడన్ విజేతగా నిలిచింది. 2005లో న్యూయార్క్ చేరిన ఆ సీజన్‌లోనే, 2006 టురిన్ ఒలింపిక్స్‌లో స్వీడన్‌కు స్వర్ణం గెలిచిన జట్టులో గోల్ కాచాడు. 2012లో ఉత్తమ గోల్‌కీపర్‌కిచ్చే వెజీనా ట్రోఫీ అందుకున్నాడు. 459 విజయాలతో ఆట ముగించాడు. 2023లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. యోయెల్ కొన్ని సీజన్లు డల్లాస్‌కు ఆడి స్వదేశానికి తిరిగి వెళ్లి ఫ్రోలుండాకు గౌరవనీయుడైన నాయకుడయ్యాడు. అతనిదీ మంచి ఆట జీవితమే. పద్దెనిమిదేళ్లకు వేసిన వరుస మాత్రం నిలబడలేదు.

కాబట్టి ఈ కవలల విషయంలో సామెత అబద్ధమైందా? లేదు. హెన్రిక్ అనే పువ్వు ఫ్రోలుండాలో విచ్చుకున్న నాడే పరిమళించింది. 2000 జూన్‌లో అక్కడ ఉన్నది మొగ్గ.

రెండో సామెతకు వద్దాం. ఇది మరింత గట్టి పిండం. మొక్క + ఐ: మొక్కగా ఉన్నప్పుడు. వంగని + అది: వంగకుండా ఉండిపోయినది. మాను + ఐ వంగునా: మానయ్యాక వంగుతుందా, వంగదు. వంగడం అంటే ఇక్కడ నడవడి, అలవాటు, క్రమశిక్షణ. హాకీలో దీనికి సాటి వచ్చేది కాళ్ల కదలిక. స్కేటింగ్ తీరు చిన్ననాడు ఎలా పడితే దాదాపు అలాగే స్థిరపడుతుందని ఆ ఆటలో పాతుకుపోయిన నమ్మకం. కాళ్లు బరువుగా ఉన్న కుర్రవాళ్లు చివరి విడతలకు జారిపోవడానికి పెద్ద కారణం అదే.

ఇప్పుడు లుక్ రోబిటాయ్‌ను చూడండి. 1984లో లాస్ ఏంజెలెస్ అతణ్ని తొమ్మిదో విడతలో 171వ వాడిగా తీసుకుంది, ఎందుకంటే స్కేటింగ్ నెమ్మది. తరువాత రెండేళ్లు కుర్రవాళ్లు ఆడే క్యూబెక్ జూనియర్ లీగులో హల్ జట్టుకే ఆడాడు. 1987లో ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. 668 గోల్స్ కొట్టాడు. అతని కాళ్లు మెరుపు కాళ్లుగా ఎప్పుడూ మారలేదు. మార్క్ స్టోన్‌దీ అదే దారి. 2010లో ఒట్టావా ఆరో విడతలో 178వ వాడిగా ఎంచుకున్నది ఇతణ్నే. అతని మీదా ఇదే ఫిర్యాదు. బ్రాండన్ జూనియర్ జట్టులో ఆడి, ఆ తరువాత ఒట్టావాలో నిలదొక్కుకుని, చివరికి వేగస్ జట్టు నాయకుడిగా 2023లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. కప్ ఖాయం చేసిన మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టాడు.

అంటే సామెత నిజమే. వంగనిది వంగలేదు. అయితే మాను వంగకపోతే కాయదని సామెత ఎక్కడ అంది? వాళ్లు ఆటను ముందుగా చదవడం నేర్చారు, ప్రత్యర్థి కర్ర నుంచి పక్‌ను, అంటే బంతికి బదులు వాడే బిళ్లను, దొంగిలించడం నేర్చారు, గోల్ ముందు ఎక్కడ నిలబడాలో నేర్చారు. ఇవి వయసుతో పెరిగేవి. వంగడం వేరు, పెరగడం వేరు. మిత్రుడి వాదన ఈ రెంటినీ కలిపేసింది. "ఇప్పుడే పెద్ద లీగులో వేయాలి" అన్న ముగింపు అందుకే పుట్టింది.

ఆ ముగింపు గురించి ఆట నియమాల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అభిమానులు తరచుగా దీన్ని మరిచిపోతారు. ఎన్‌హెచ్‌ఎల్‌కు దిగువన అమెరికన్ హాకీ లీగ్ ఉంది, ప్రతి జట్టుకూ అక్కడ ఒక అనుబంధ జట్టుంది. కెనడా మేజర్ జూనియర్ లీగుల నుంచి ఎంపికైన కుర్రవాణ్ని ఇరవయ్యో ఏడు రాకముందు అక్కడికి పంపకూడదన్న ఒప్పందం ఎన్నో ఏళ్లుగా నడిచింది. పద్దెనిమిదేళ్ల వాణ్ని పెద్ద జట్టులోనైనా ఉంచుకోవాలి, జూనియర్‌కైనా తిప్పి పంపాలి. అమెరికా విశ్వవిద్యాలయ హాకీ దారి వేరు, అక్కడ నాలుగేళ్ల దాకా ఎదగవచ్చు. మునుపు జూనియర్‌లో ఆడినవాడికి ఆ తలుపు మూసి ఉండేది. 2024 నవంబరులో మార్చిన నియమంతో, 2025 ఆగస్టు నుంచి అది తెరుచుకుంది. చివరి విడత కుర్రవాళ్లకు ఇంతకంటే పెద్ద మేలు ఇటీవల జరగలేదని నా అభిప్రాయం. వాళ్లకు కావలసింది కాలం, ఈ మార్పుతో ఆ కాలమే చేతికి వచ్చింది.

డెట్రాయిట్ అభిమానులకు ఈ విషయంలో ఒక సొంత మాట ఉంది. కుర్రవాళ్లను గ్రాండ్ రాపిడ్స్‌లోని దిగువ జట్టులో అవసరమనిపించిన దానికంటే ఎక్కువకాలం ఉంచడాన్ని, పండును ఇంకా పండనివ్వడమన్న అర్థంలో చెప్పుకునేవారు. తెలుగులో "మాగబెట్టడం" దానికి అచ్చంగా సరిపోతుందని సోదరుడికి నా సూచన. మామిడి తోట చూసినవాళ్లకు తెలుసు, టెంక ముదిరిన కాయనే గడ్డిలో మాగబెడతారు. టెంక పట్టని కాయను గడ్డిలో పెడితే పండదు, ముడుచుకుపోతుంది. గుస్తావ్ నైక్విస్ట్ 2008లో నాలుగో విడతలో 121వ ఎంపిక. మెయిన్ విశ్వవిద్యాలయంలో మూడేళ్లు ముదిరాడు, ఆ తరువాతే గ్రాండ్ రాపిడ్స్‌లో మాగాడు. 2013-14లో పెద్ద జట్టుకు 57 మ్యాచ్‌లలో 28 గోల్స్ కొట్టాడు. ఏడో విడత కుర్రవాణ్ని తొందరపడి పైకి తోయాలనేవారు ఈ వరుసను గమనించాలి.

వీటన్నిటికంటే సరిపోయే సామెత వేరే ఉంది, చర్చలో ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది: "ఇంట గెలిచి రచ్చ గెలువు." ఈ రచ్చ అల్లరి కాదు, రచ్చబండలోని రచ్చ, నలుగురు కూడే చోటు. అదే డెట్రాయిట్ జట్టు 1998లో ఆరో విడతలో 171వ వాడిగా పావెల్ దత్సూక్‌ను ఎంచుకుంది, 1999లో ఏడో విడతలో 210వ వాడిగా హెన్రిక్ జెటర్‌బెర్గ్‌ను ఎంచుకుంది. దత్సూక్‌ను అంతకుముందు డ్రాఫ్ట్‌లలో ఎవరూ పట్టించుకోలేదు. అతను 2001 వరకు రష్యాలోనే ఆడాడు, జెటర్‌బెర్గ్ 2002 వరకు స్వీడన్‌లోని టిమ్రో జట్టుకు ఆడాడు. ఇద్దరూ కలిసి 2008లో స్టాన్లీ కప్ గెలిచారు. కప్ కోసం సీజన్ చివర జరిగే ఆ ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి జెటర్‌బెర్గ్‌దే. 2015లో ఐదో విడతలో 135వ వాడిగా మిన్నెసోటా ఎంచుకున్న కిరిల్ కప్రిజోవ్ ఐదేళ్లు సొంతగడ్డ రష్యాలోనే ఆడాడు. 2018 ఒలింపిక్స్ ఫైనల్‌లో అదనపు సమయంలో విజయపు గోల్ కొట్టి, ఆ తరువాత అమెరికా వచ్చి 2021లో కాల్డర్ గెలిచాడు.

అయితే ఇల్లంటే పుట్టిన దేశం మాత్రమే అనుకోకూడదు. సోదరుడు ఉంటున్న చోటికి దగ్గరలోనే, మిషిగన్‌లోని కామర్స్‌లో పెరిగిన గోల్‌కీపర్ కానర్ హెలెబక్ ఉన్నత పాఠశాల జట్టులో ఆడుతున్నప్పుడు ఏ పేరున్న జూనియర్ లీగూ రమ్మనలేదు. టెక్సాస్ చమురు బావుల మధ్య ఉన్న ఒడెస్సా ఊరి జట్టుకు వెళ్లాడు. 2012లో విన్నిపెగ్ అతణ్ని ఐదో విడతలో 130వ వాడిగా తీసుకుంది. లోవెల్ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు, దిగువ లీగులో ఏడాదికి పైగా ఆడాక పెద్ద జట్టుకు చేరాడు. 2020, 2024, 2025లలో వెజీనా ట్రోఫీలు, 2025లో లీగు మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా. అతనికి ఇల్లంటే తాను ప్రతి రాత్రీ గోల్ ముందు నిలబడగలిగిన చోటు. దిగువ జట్టులో బెంచీ మీద కూర్చుని ఉంటే ఆ ఇల్లు దొరికేది కాదు.

ఇవన్నీ గెలిచినవారి పేర్లని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పవచ్చు, న్యాయమే. చివరి విడతల్లో ఎంపికైనవారిలో అత్యధికులు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడరు. ఏడో విడత కుర్రవాడు తప్పక దత్సూక్ అవుతాడని నేను అనడం లేదు. ఆ పిల్లవాడి మీద తీర్పు చెప్పడానికి పద్దెనిమిదేళ్లు సరిపోవని, ఆ తీర్పుకు మన సామెతను సాక్షిగా నిలబెట్టవద్దని అంటున్నాను.

చివరగా సోదరుడు అడిగిన పదాల విషయం. డ్రాఫ్ట్‌ను వేలం అనవద్దు, డ్రాఫ్ట్ అనే ఉంచడం మేలు. రౌండ్‌కు విడత బాగుంటుంది, ఎంపిక సంఖ్యకు 205వ ఎంపిక అంటే చాలు. కుర్రవాణ్ని "తీర్చిదిద్దడం" అంటే పని చేసేది క్లబ్బు, "ఎదగడం" అంటే పని చేసేది కుర్రవాడు. నేనైతే రెండోదే రాస్తాను. ఇద్దరు నాయకులు ఒకరి తరువాత ఒకరు పిల్లల్ని తమ జట్టులోకి పిలుచుకునే పద్ధతికి మన పల్లె ఆటల్లో ఒక్కో ప్రాంతంలో ఒక్కో మాట ఉండాలి. మీ వైపు ఏమంటారో, చివరికి మిగిలిన పిల్లవాణ్ని ఏమని పిలుస్తారో, జిల్లా పేరుతో సహా ఇక్కడ రాయండి.