వర్జీనియా సిటీ గని పట్టణంలో పడుపువృత్తి స్త్రీల ఖర్చుల లెక్క: సాయం కావాలి

1859లో కామ్‌స్టాక్ అనే వెండి నిక్షేపం బయటపడ్డాక అమెరికాలోని నెవాడాలో పుట్టిన వర్జీనియా సిటీ గురించి. అక్కడ పడుపువృత్తిలో బతికిన స్త్రీలకు చేతిలో మిగిలింది ఎంతో లెక్క కట్టాలి.

ఆధారాలతోనే చిక్కు. 1880 జనగణనలో కొందరు గణకులు వృత్తిని సూటిగా రాస్తే, కొందరు కుట్టుపని అనో ఇంటిపని అనో రాసేశారు. 1890 జనగణన కాగితాలు 1921 అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ పోయాయి. కాబట్టి 1900 దాకా ఖాళీయే. ఈలోపు పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి. సాన్‌బోర్న్ అగ్నిబీమా పటాల్లో ‘స్త్రీల బోర్డింగ్’ (పడుపు ఇళ్లకు మర్యాదగా పెట్టిన పేరు) అని రాసిన ఇళ్లు దొరుకుతాయి గానీ లోపల ఎందరున్నారో తెలియదు.

అక్కడే ఈ వృత్తిలో ఉండి 1867 జనవరిలో హత్యకు గురైన జూలియా బులెట్‌నే చూడండి. మేడలో రాణిలా బతికిందని కథలు అల్లారు. ఆమె ఉన్నది డీ వీధిలో చిన్న అద్దె ఇంట్లో. ఇలాంటి కథలు ఆ స్త్రీల అప్పుల్నీ జబ్బుల్నీ కనబడకుండా చేస్తాయి, అదే బాధ.

వర్జీనియా సిటీ ఉన్న స్టోరీ కౌంటీ పాత రికార్డులు చదివినవాళ్లు చెప్పండి: మరణానంతర ఆస్తి జాబితాల్లో బట్టల కొట్టు, మందుల కొట్టు బాకీలు విడివిడిగా ఉంటాయా? ఈ వృత్తికి వేసిన జరిమానా కట్టింది పడుపు ఇల్లు నడిపే ఆవిడా, అందులో ఉండే అమ్మాయా అన్నది ఎలా పోల్చుకోవాలి? వీధిలోకి తలుపున్న ఒంటిగదికి అద్దె రోజుకా, వారానికా? ముఖ్యంగా, చైనా స్త్రీల పేర్లను గుమాస్తాలు ఇష్టమొచ్చినట్టు రాశారు. ఒకే మనిషిని రెండు రికార్డుల్లో గుర్తుపట్టే పద్ధతి ఉంటే వివరంగా రాయండి.