స్మార్ట్ మీటర్లు, సోలారు, ఫోన్ స్టార్టర్లు: లాభం మనకా, కరెంటోళ్లకా?

ఉండి_రొయ్యరైతు:
మా మండలంలో కొట్లకి స్మార్ట్ మీటర్లు పెట్టేరు. రేపో మాపో చెరువుల మీదకీ వస్తాయంటున్నారు. నాది ఒకటే ప్రశ్న. ఆఫీసులో కూచుని బటన్ నొక్కితే ఈ మీటరు నా సప్లై ఆపగలదా, లేదా? తిప్పకుండా చెప్పండి.

ఎందుకడుగుతున్నానంటే, వన్నామీ రకం రొయ్యల చెరువులో పొద్దుపోయాక నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేసి తనే పీల్చుకోడం మొదలెడుతుంది. తెల్లవారుజామున, సూర్యుడు రావడానికి కాస్త ముందు, నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. మూడు పీపీఎం (లీటరు నీటికి మూడు మిల్లీగ్రాములు) కిందకి దిగిందంటే రొయ్య గట్టువారకి వచ్చేస్తుంది. ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి, జనరేటరు అందుకోకపోతే పంట మొత్తం పోయినట్టే. ప్రీపెయిడ్ బేలెన్సు అయిపోయిందని మెసేజి ఆ టైములో వస్తే నేనేం చెయ్యాలి?

పాత_లైన్‌మేన్:
ఆపగలదండి. దాచేదేముంది, స్మార్ట్ మీటర్లో స్విచ్చి ఉంటుంది. ఇదివరకు మేం స్తంభం ఎక్కి పీకేవాళ్లం, ఇప్పుడు ఆఫీసు నుంచి పీకుతారు. బిల్లు కట్టినవాడిది అప్పుడూ పీకలేదు, ఇప్పుడూ పీకరు.

మీరు ఆ ఒక్క స్విచ్చి దగ్గరే ఆగిపోయేరు. ఈ మీటరు వల్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడుందో సబ్‌స్టేషన్లో తెలుస్తుంది. మా రోజుల్లో అది కాలిపోయాకే తెలిసేది. ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి ఊళ్లో ఏసీలన్నీ ఒక్కసారి వేస్తే, నూరు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు పొంగి కారిపోవడం నేను కింద నిలబడి చూసేను. ఇళ్లకేమో ఒక కిలోవాట్‌కే పర్మిషను ఉండేది, లోపల రెండేసి ఏసీలు. ఏ ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలిసే దారి మాకు ఉండేది కాదు.

నర్సాపురం_లేసు:
మా ఇంట్లో అన్నీ ఆపేసినా మీటరు మీద ఎర్రలైటు కొట్టుకుంటూనే ఉంది. దీనికి ముందు సమాధానం చెప్పండి.

తణుకు_సోలార్:
@నర్సాపురం_లేసు అన్నీ ఆపేశాం అంటే మెయిన్ ఆపారా, స్విచ్చులు ఆపారా? సెట్‌టాప్ బాక్సూ వైఫై రూటరూ కలిపి ఇరవై వాట్లు తింటాయనుకోండి. యూనిట్‌కి 3200 సార్లు లైటు కొట్టే మీటరైతే దాదాపు నిమిషానికోసారి వెలుగుతుంది. నెలకి 14 యూనిట్లు. పాత చక్రం మీటర్లు ఇంత చిన్న లోడుకి సరిగ్గా తిరిగేవి కావు. కొత్త మీటరు వదలదు. బిల్లు పెరిగిందన్న గోల సగం ఇక్కడి నుంచే వస్తోంది.

ఇక అసలు విషయం. నేను మూడు కిలోవాట్ల సోలారు పెట్టించుకున్నాను. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ వచ్చింది. ఏసీ ఫోనులోంచి నడుస్తుంది, గీజరుకి టైమరు ఉంది. ఏ గంటలో ఎంత వాడానో నాకు తెలుసు. నెల తిరిగాక స్పాట్ బిల్లు చేతికొస్తేగాని ఏమీ తెలియని పాత పద్ధతిని ఎవరైనా ఎందుకు వెనకేసుకొస్తారు?

నర్సాపురం_లేసు:
రూటరు లేదండి మా ఇంట్లో.

రాజోలు_కొబ్బరి:
మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి మా పక్కనే తీరం దాటింది. స్తంభాలు పడిపోయాయి, సెల్ టవర్లూ ఆగిపోయాయి. సిమ్ కార్డు మీద నడిచే మీటరు అలాంటి రోజుల్లో ఎవరితో మాట్లాడుతుంది? రీచార్జి ఎలా ఎక్కుతుంది? 96 తుపాను చూసినవాళ్లం, మాకు ఈ భయం ఉంటుంది.

పాత_లైన్‌మేన్:
@రాజోలు_కొబ్బరి సప్లై పోయేటప్పుడు ‘పోతున్నాను’ అని చివరి మెసేజి పంపేసి ఆగే ఏర్పాటు ఈ మీటర్లలో ఉంటుంది. టవరు ఉన్నంతసేపూ ఏ లైను పోయిందో ఫోను చెయ్యకుండానే తెలుస్తుంది. టవరే పోతే మీరన్నది నిజమే, ఉపయోగం లేదు.

@తణుకు_సోలార్ మీ సోలారు గురించి కూడా ఒక మాట. మీరు మధ్యాహ్నం పన్నెండింటికి లైనులోకి పంపిస్తారు, రాత్రి ఎనిమిదింటికి తీసుకుంటారు. యూనిట్‌కి యూనిట్ చెల్లు అంటారు. ఎండ బాగున్న మధ్యాహ్నం, కరెంటు కొనుగోలు అమ్మకాలు జరిగే ఎక్స్ఛేంజిలో యూనిట్ రెండు మూడు రూపాయలకి దిగిపోతుంది. రాత్రి వాడకం ఎక్కువుండే పీక్‌లో గరిష్ఠం 10 రూపాయలకి కూడా కొనాల్సి వస్తుంది. ఆ తేడా ఎవరు భరిస్తున్నారు?

తణుకు_సోలార్:
నా సొంత డబ్బు పెట్టి కరెంటు తయారుచేస్తున్నాను. ఫిక్స్‌డ్ చార్జీ కడుతున్నాను. ఎవరి సొమ్మూ తినలేదు.

పాత_లైన్‌మేన్:
ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి పది రూపాయలు. మీది మూడు, ముప్ఫై రూపాయలు. మీ ఇంటికొచ్చే తీగ, స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, తుపానొస్తే ఎక్కే మనిషి, అన్నీ ముప్ఫై రూపాయలకే? నెలకి 225 యూనిట్లు దాటితే యూనిట్‌కి 8.75, 400 దాటితే 9.75 కట్టే పెద్ద వాడకందార్లే ఇన్నాళ్లూ కింద స్లాబుల వాళ్లని మోసేరు. వాళ్లంతా డాబా మీద పలకలు పెట్టుకుని తప్పుకుంటే, 1.90 స్లాబులో ఉన్నవాణ్ణి ఎవరు మోస్తారు?

మీటర్_రీడింగ్_కుర్రాడు:
ఇంటింటికీ తిరిగి బిల్లు తీసేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మాకు బిల్లుకింత అని లెక్క. మీటరే రీడింగు పంపేసుకుంటే మా పని ఏంటో ఒక్క అధికారీ చెప్పలేదు.

పాలకొల్లు_అద్దెఇల్లు:
నాదొక సందేహం అండి. మా వాటాకి ఓనరుగారు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి తొమ్మిది రూపాయలు తీసుకుంటున్నారు. మెయిన్ సర్వీసుకి స్మార్ట్ మీటరు వస్తే మాకేమైనా తగ్గుతుందా?

ఉండి_రొయ్యరైతు:
లైన్‌మేన్ గారూ, నా ప్రశ్న పక్కకి పోయింది. బిల్లు కట్టినవాడిది పీకరన్నారు. సర్వరు తప్పు చేస్తే? నెల మధ్యలో లోడు ఎక్కువ చూపించిందని లాక్ చేస్తే? స్తంభం ఎక్కిన మనిషైతే ‘బాబూ, చెరువులో సరుకుంది, పొద్దున్నదాకా ఆగు’ అని బతిమాలుకోవచ్చు.

ఇంకోటి. 2023లో కేంద్రం తెచ్చిన రూల్సులో, స్మార్ట్ మీటరు ఉన్నవాళ్లకి పగలు ఎండ గంటల్లో రేటు తగ్గించి, పీక్ గంటల్లో పది ఇరవై శాతం పెంచాలని ఉంది. వ్యవసాయానికి మినహాయింపు అన్నారు. ఆక్వాని, అంటే మా చేప రొయ్యల సాగుని, అందులో కలుపుతారా? మాకు వాడకమే రాత్రిపూట. ఏరేటరు పగటికి జరుపుకోమంటే రొయ్య ఒప్పుకోదు.

తణుకు_సోలార్:
అదే రూల్సులో మీకు పనికొచ్చేవీ ఉన్నాయి, అవీ చదవండి. మీటరు పెట్టకముందు కాలానికి లోడు ఎక్కువైందని జరిమానా వెయ్యకూడదు. ఏడాదిలో మూడు సార్లయినా దాటితేనే పర్మిషన్ లోడు పెంచాలి. 2024 సవరణలో ఇంకోటి వచ్చింది. రీడింగు మీద ఫిర్యాదు ఇస్తే అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండిటినీ పోల్చి చూడాలి.

నర్సాపురం_లేసు:
ఆ రెండో మీటరు కూడా వాళ్లదే కదా.

పాత_లైన్‌మేన్:
రైతు గారూ, మీ ఫోన్ స్టార్టర్ల సంగతి మాట్లాడదామా? ఇంట్లో పడుకుని ఫోను కొడితే మోటారు తిరుగుతుంది, సంతోషం. దాంతోపాటు ఆటో పెట్టేస్తారు. కోత అయ్యి కరెంటు వచ్చిన సెకన్‌లో ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీదున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజు ఢాం అంటుంది. మళ్లీ లైను ఆపే ఏబీ స్విచ్చి దించి, తీగ చుట్టి, పైకి లేపితే మళ్లీ ఢాం. వానలో, గట్టు మీద బురదలో, చేతిలో టార్చితో ఆ పని చేసింది మేం. ‘అందరూ ఆటో తియ్యండయ్యా’ అని చెరువు చెరువుకీ అరుచుకుంటూ తిరిగేం. మీ సుఖం కోసం మీరు పెట్టుకున్న స్మార్ట్ ఒప్పు, కరెంటు కంపెనీ పెడితే తప్పా?

ఉండి_రొయ్యరైతు:
నా స్టార్టర్‌కి డిలే పెట్టేను, పక్కవాళ్లకీ పెట్టించేను. ఆ లోటు మీటరుతో తీరదు, ఫీడరు పెంచితే తీరుతుంది. లో ఓల్టేజీకి ఏరేటరు మోటార్లు ఎన్ని కాలిపోయాయో, వైండింగుకి ఎంత పోసేనో నాకు తెలుసు. దానికి మీ కంపెనీ ఒక్క పైసా ఇచ్చిందా?

మా గోదావరి జిల్లాల్లో భూమిలో గ్యాస్ తీసుకుపోయేరు. దాన్ని నమ్మి వేమగిరిలో కట్టిన ప్లాంట్లు గ్యాస్ లేక పడున్నాయి. మాకు మాత్రం మీటర్లు.

పాత_లైన్‌మేన్:
పైసా ఇచ్చారా అని అడుగుతున్నారు గనక చెప్తున్నాను. ఆక్వా జోన్‌లో యూనిట్ రూపాయిన్నరకి ఇస్తున్నారు. అది ఎక్కడా రూపాయిన్నరకి తయారవదు. పదెకరాల లోపు వాళ్లకే అని పరిమితి పెడితే, తండ్రి పేర కొంత, కొడుకు పేర కొంత, బావమరిది పేర కొంత సర్వీసులు చీల్చుకున్నవాళ్లని నేను చూసేను. మీటరు స్విచ్చి అంటే మీకు భయం లేదండి. ఏ సర్వీసు మీద ఏ చెరువు ఎన్ని యూనిట్లు తాగుతోందో లెక్క తేలుతుందని భయం.

ఉండి_రొయ్యరైతు:
మాట జాగ్రత్త. నేను కౌలు రైతుని. నా చెరువు మీద సర్వీసు భూమి గలాయన పేర ఉంది. ఆయనకి అన్నీ కలిపి పదెకరాలు దాటుతుంది, కాబట్టి నాకు ఆ రూపాయిన్నర ఏనాడూ రాలేదు. లీజు కట్టేది నేను, సీడు తెచ్చేది నేను, మేత బాకీ నాది, కరెంటు బిల్లు నేను కడతాను. కరెంటాఫీసులో మాత్రం నేను ఎవరినీ కాను. ఓల్టేజీ గురించి అర్జీ పట్టుకెళితే ‘సర్వీసుదారుణ్ణి రమ్మనండి’ అన్నారు. ఆయన హైదరాబాదులో ఉంటాడు.

రేపు స్మార్ట్ మీటరు వస్తే బేలెన్సు మెసేజి ఎవరి ఫోనుకి పోతుంది? ఆయన ఫోనుకి. తెల్లవారుజామున మూడింటికి ఆయన లేచి చూసి నాకు చెప్తాడా? నేను స్విచ్చి స్విచ్చి అని మొత్తుకుంటున్నది ఇందుకు.

రాజోలు_కొబ్బరి:
ఇప్పుడు అర్థమైంది మీ బాధ.

తణుకు_సోలార్:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది. అయితే ఇది టెక్నాలజీ సమస్య కాదు, కౌలు సమస్య.

పాలకొల్లు_అద్దెఇల్లు:
ఎలా కాదండీ? నేను అడిగింది ఒక్కరూ చూడలేదు, మళ్లీ రాస్తున్నాను. నాకు నెలకి వంద యూనిట్లు కాలుతుంది. సొంత సర్వీసు ఉంటే స్లాబుల లెక్కలో మొదటి 30 యూనిట్లకి 57, తర్వాత 45కి 135, మిగతా 25కి 112.50. మొత్తం 304.50, పైన చార్జీలు ఎన్ని వేసుకున్నా నేనిచ్చే 900కి దగ్గరికి రాదు. నాలుగు వాటాలు ఒకే సర్వీసు మీద ఉండబట్టి అందరి యూనిట్లూ కలిసి పై స్లాబులోకి పోతున్నాయంటారు ఓనరుగారు. డాబా మీద సోలారు కూడా పెట్టించారు. ఆ బిల్లు తగ్గింది, నా తొమ్మిది రూపాయలు తగ్గలేదు. యాప్‌లో చూద్దామంటే ఓటీపీ ఆయన ఫోనుకి వెళుతుంది. వేరే సర్వీసు కోసం వెళితే ఓనరు సంతకం తెమ్మన్నారు. ఆయన పెట్టరు.

తణుకు_సోలార్ గారికి ఏ గంటలో ఎంత కాలిందో తెలుస్తోంది కదా. ఆ కరెంటు కాల్చేది నేనైనా నాకు తెలియడానికి వీల్లేదు. ఇది టెక్నాలజీ సమస్య కాకపోతే ఏమిటో మీరే చెప్పండి.

తణుకు_సోలార్:
అమ్మా, డబ్బు పెట్టింది ఓనరు. రెండు లక్షల దాకా అవుతుంది. ఆయన రాబట్టుకోవడంలో తప్పు చూడలేను. రేటు మాత్రం అన్యాయంగా ఉంది.

పాలకొల్లు_అద్దెఇల్లు:
అందులో 78,000 ప్రభుత్వానిది. అంటే నాదీ కొంత ఉంది.

మీటర్_రీడింగ్_కుర్రాడు:
అద్దె వాటాల్లో ఇదే కథ అక్కా. రీడింగు తీసేటప్పుడు ప్రతి నెలా చూస్తాను.

పాత_లైన్‌మేన్:
రైతు గారూ, మీరు కౌలని తెలియక అన్నాను గాని, సర్వీసులు చీల్చుకున్నవాళ్లు లేరని మాత్రం మీరు అనలేరు. లెక్క తేలాలి. ఈ మీటర్ల ఖర్చు కూడా తేలాలి. కేంద్రం మీటరుకి 900 దాకా ఇస్తుంది, మిగతాది మీటర్లు బిగించిన కంపెనీకి నెల నెలా కట్టాలి. అది చివరికి టారిఫ్‌లోకే వస్తుంది. కాబట్టి దాని ఉపయోగం సర్వీసుదారుడికే కాకుండా వాడేవాడికీ అందాలన్నది న్యాయమే.

అయితే కరెంటు కంపెనీ వైపు నుంచి ఒక చిక్కుంది. వాడేవాణ్ణి కస్టమరుగా రాసుకుంటే, అతను బాకీ పెట్టి వెళ్లిపోయిన రోజున ఎవర్ని పట్టుకోవాలి? కౌలు మారుతుంది, అద్దెవాళ్లు మారతారు. సర్వీసు పేరు మారదు. అందుకే ఆఫీసువాళ్లు ఓనరు సంతకం అడుగుతారు.

ఉండి_రొయ్యరైతు:
బాకీకి ఓనర్నే పట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. నేను అడిగేది పేరు మార్పు కాదు. ఒక సర్వీసుకి రెండు ఫోన్ నంబర్లు ఉండాలి, రెండోది వాడేవాడిది. రీడింగూ బేలెన్సూ రెండిటికీ రావాలి. చెరువు సర్వీసుల మీద సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆఫీసు నుంచి పీకడం ఉండకూడదు. కరెంటు రేట్లు ఖరారు చేసే కమిషను ఈఆర్సీ టారిఫ్ మీద అభిప్రాయాలు అడిగినప్పుడు ఈ రెండూ రాసి పంపుతాను. అద్దె ఇంటి చెల్లెమ్మ తన లెక్క రాసిస్తే అదీ కలుపుతాను.

పాత_లైన్‌మేన్:
రెండు నంబర్లకి నేను సంతకం పెడతాను. రాత్రి పీకకూడదన్నదానికి పెట్టను. నాలుగు నెలలు బాకీ పెట్టినవాడు కూడా దాన్నే అడ్డం పెట్టుకుంటాడు.

ఉండి_రొయ్యరైతు:
అయితే పొద్దున్న పది గంటలకి వచ్చి పీకమనండి. పగలు పీకడానికి ఏం అడ్డం?

పాలకొల్లు_అద్దెఇల్లు:
లెక్క ఈ రాత్రికే రాసి పెడతాను అన్నయ్యగారూ. సబ్‌మీటరు రేటుకి ఒక హద్దు ఉండాలని కూడా అందులో పెట్టండి.