స్వెరియె తరగతి నౌకలు: స్వీడన్‌కి రక్షణా, డబ్బు దండగా?

శ్రీను_విశాఖ:
స్వీడన్ తీర రక్షణ నౌకల గురించి చదివేకొద్దీ నాకు ఒకటే అనిపిస్తోంది. స్వెరియె, డ్రోట్నింగ్ విక్టోరియా, ఐదో గుస్తాఫ్, ఈ మూడూ డబ్బు దండగ. మొదటిది 1917లో, మిగతా రెండూ 1921, 1922లలో నౌకాదళంలో చేరాయి. 1950లలో పక్కన పెట్టేదాకా శత్రు నౌక మీద ఒక్క గుండు కూడా పేల్చలేదు. ఒక్కోటీ ఏడు వేల టన్నుల పైమాటే, సిబ్బంది నాలుగు వందలు దాటి ఉండేవారు. అదే డబ్బు సబ్‌మెరైన్లకీ డిస్ట్రాయర్లకీ (చిన్న, వేగమైన యుద్ధనౌకలు) పెట్టి ఉంటే బాగుండేది. నార్వే వాళ్ల తీర రక్షణ నౌకలకి ఏమైందో చూశాం కదా. 1940 ఏప్రిల్ 9న నార్వే ఓడరేవు నార్విక్‌లో జర్మన్ డిస్ట్రాయర్లు ఐడ్స్‌వోల్డ్‌నీ నోర్గేనీ టార్పెడోలతో ముంచేశాయి. ఐడ్స్‌వోల్డ్‌లో ఆరుగురే బతికి బయటపడ్డారు.

మూర్తి:
శ్రీనూ, నార్విక్‌తో పోలిక సరిపోదు. ఐడ్స్‌వోల్డ్ 1900లో నీళ్లలోకి దిగిన నౌక, పెద్ద ఫిరంగులు రెండే, అవీ 210 మి.మీ.వి. పైగా జర్మన్లు ముందు ఒక అధికారిని పంపి లొంగిపొమ్మన్నారు. కెప్టెన్ ఒప్పుకోకపోయేసరికి, అప్పటికే గురిపెట్టి ఉంచిన టార్పెడోలు బాగా దగ్గర నుంచి వదిలారు. అంత దగ్గర నుంచి కొడితే ఏ నౌక నిలబడుతుంది?

స్వెరియె సంగతి వేరు. నాలుగు 283 మి.మీ. ఫిరంగులు, ముందొక జంట, వెనకొక జంట. చేసింది బోఫోర్స్. మనవాళ్లకి ఆ పేరు వింటే 1986 నాటి హొవిట్జర్ల ఒప్పందమే గుర్తొస్తుంది కానీ, అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆ కంపెనీ ఇంత పెద్ద నౌకా ఫిరంగులు తయారు చేసింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీ యుద్ధనౌక గ్రాఫ్ స్పే మీద ఉన్నవి కూడా 283 మి.మీ. ఫిరంగులే. నడుం దగ్గర కవచం చూస్తే స్వెరియెది 200 మి.మీ., గ్రాఫ్ స్పేది అందులో దాదాపు సగమే. అలాంటి నౌకలు మూడు ఒకచోట ఉన్నాయంటే ఎదుటివాడు క్రూయిజర్లతో (వేగమైన మధ్యస్థాయి యుద్ధనౌకలు) దూసుకొచ్చేయలేడు. పెద్ద యుద్ధనౌకల్నే తీసుకురావాలి. స్టాక్‌హోమ్ ముందున్న వేల దీవుల మధ్య, రాళ్లూ లోతు తక్కువ నీళ్లూ ఉన్న దారుల్లో ఆ భారీ నౌకలు తిరగలేవు. పక్కనే మందుపాతరలు, తీరంలో ఫిరంగులు, చీకట్లో టార్పెడో పడవలు. ఇవన్నీ కలిస్తేనే ఆ నౌక విలువ తెలుస్తుంది, విడిగా తూకం వేస్తే తెలియదు.

పద్మజ:
మూర్తి గారూ, కవచం, ఫిరంగుల లెక్కలు బాగానే ఉన్నాయి. అసలు ఈ నౌక ఎలా పుట్టిందో కూడా చెప్పుకోవాలి. 1911లో పార్లమెంటు ఒప్పుకుంది, ఎన్నికల తర్వాత వచ్చిన కార్ల్ స్టాఫ్ లిబరల్ ప్రభుత్వం ఆపేసింది. దాంతో 1912లో దేశమంతా చందాలు పోగుచేశారు. నౌకకి కావలసింది 1.2 కోట్ల క్రోనర్లు (స్వీడన్ డబ్బు), మూడు నెలల చిల్లరలో వచ్చింది 1.5 కోట్ల పైనే. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఎన్నికైన ప్రభుత్వం వద్దన్నదాన్ని చందాలతో దాని నెత్తిన పెట్టడం నాకు నచ్చదు. 1914 ఫిబ్రవరిలో దేశ రక్షణ పెంచమంటూ ముప్ఫై వేల మందికి పైగా రైతులు స్టాక్‌హోమ్ వచ్చారు, రాజు వాళ్ల పక్షాన మాట్లాడాడు, స్టాఫ్ రాజీనామా చేశాడు. ఆ గొడవలకి బీజం ఈ నౌక దగ్గరే పడింది. ఆయుధం మంచిదా కాదా అన్నది ఒకటి, దాన్ని తెచ్చుకున్న పద్ధతి ఇంకొకటి.

మూర్తి:
పద్ధతి గురించి మీతో వాదించను, పద్మజ గారూ, ఆ మాట నిజమే. అయితే డబ్బిచ్చినవాళ్లలో చాలామంది మామూలు జనం. రష్యా భయం వాళ్లకి ఎవరో నూరిపోసింది కాదు, సముద్రం అవతల ఫిన్లాండ్ అప్పటికి రష్యా చేతిలోనే ఉంది.

శ్రీను_విశాఖ:
భయం ఉంది సరే, నౌక ఆ భయాన్ని తీర్చిందా? 1918 ఫిబ్రవరిలో ఫిన్లాండ్ అంతర్యుద్ధం మధ్య స్వెరియెని స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్య ఉన్న ఓలాండ్ దీవులకి పంపారు. మార్చిలో జర్మన్లు దిగగానే ఆటంతా మారిపోయింది. 1921లో నానాజాతి సమితి ఆ దీవుల్ని ఫిన్లాండ్‌కే ఇచ్చింది. పెద్ద ఫిరంగులతో స్వీడన్ సాధించింది ఏమిటి?

వేగం కూడా చూడండి. 22 నాట్ల చిల్లర, అంటే గంటకి 22 సముద్రపు మైళ్ల పైన. గ్రాఫ్ స్పే అంతకంటే చాలా వేగంగా పోగలదు, గుండు కూడా ఇంకా దూరం వేయగలదు. అంటే పోరాడాలా వద్దా అన్నది ఎప్పుడూ వాడి ఇష్టమే.

మూర్తి:
నడిసముద్రంలో అయితే ఒప్పుకుంటాను. కానీ ఈ నౌకలు వాడి వెంటపడటానికి కట్టినవి కావు. స్టాక్‌హోమ్ దగ్గర సేనలు దించాలంటే వాడే దగ్గరకి రావాలి, అప్పుడు వాడి వేగం ఎందుకూ కొరగాదు.

ఫోటోలు చూసేవాళ్లకి ఒక మాట. మొదట్లో మూడూ ఒకేలా ఉండేవి. తర్వాత పొగ ముందున్న వేదికల మీదికి రాకుండా స్వెరియె ముందు పొగగొట్టాన్ని వెనక్కి వంచేశారు. ఐదో గుస్తాఫ్‌లో రెండు గొట్టాల్నీ కలిపి ఒకటి చేశారు. విక్టోరియాకి మాత్రం రెండూ నిటారుగానే ఉండిపోయాయి. విమానాల్ని కొట్టే ఫిరంగులు వచ్చాయి, బాయిలర్లు మార్చారు. ఒక చిన్న దేశం తన నౌకల్ని ముప్ఫై ఏళ్ల పైన అలా ఓపిగ్గా బాగుచేసుకుంటూ వాడుకుందంటే నాకు గౌరవమే.

పద్మజ:
శ్రీను గారి వైపు ఒక్క మాట. 1930లలో కొత్త తీర రక్షణ నౌకల కోసం డిజైన్లు గీశారు, కట్టలేదు. 1943లో మొదలుపెట్టినవి ట్రే క్రోనోర్, యేటా లేయోన్ అనే వేగమైన తేలికపాటి క్రూయిజర్లు. స్వెరియె లాంటివి ఇక చాలని నౌకాదళమే తేల్చుకుందని నేనంటాను.

మూర్తి:
అది విమానాల యుద్ధం కళ్లారా చూశాక తీసుకున్న నిర్ణయం. దాన్ని పట్టుకుని 1911 నాటి ఇంజనీర్లని తప్పుపట్టకండి. 1911లో మీ చేతిలో 1.2 కోట్లు పెట్టి బాల్టిక్‌ని కాపాడమంటే మీరు ఏం కట్టేవారు, శ్రీనూ? ఆనాటి సబ్‌మెరైన్లు ఎంత దూరం పోగలవో, ఎంతసేపు నీటి కింద ఉండగలవో లెక్కలోకి తీసుకుని చెప్పు.

శ్రీను_విశాఖ:
మందుపాతరలు, డిస్ట్రాయర్లు. ఇప్పటికీ అదే అంటాను మూర్తి గారూ. ఎన్ని డిస్ట్రాయర్లు వచ్చేవో ధరలు వెతికి రేపు పెడతాను.