సమస్య: విరిగినట్టి కొమ్మ విరులఁ బూచె

నిర్వాహకుడు:
రాత్రంతా గాలివాన. తెల్లవారి తలుపు తీస్తే ఆకుల మీంచి జారే చుక్కల చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. అంత నెమ్మదిని చూసి ఎన్నాళ్లయిందో! గోడ పక్కన ఒరిగిన కొమ్మ దగ్గర నిలబడినప్పుడు తట్టిన పాదమిది. దీన్ని చివర నిలిపి పద్యం పూరించండి. ఒక్క మనవి. కొమ్మ అంటే స్త్రీ అనే శ్లేషతో ఇప్పటికే బోలెడు పూరణలు చదివాం. ఈసారి చెట్టుకొమ్మే కావాలి, వాన వెలిసిన తర్వాతి వేళే కావాలి.

కలువరేకు:
గాలివాన వెలిసి, కరిమబ్బు చెదరఁగా
దారమల్లు సాలె తన గృహమున
నీటిచుక్క లెల్ల నిలిచె మల్లియలయి;
విరిగినట్టి కొమ్మ విరులఁ బూచె.

గురులఘువు:
కలువరేకు గారూ, నడక హాయిగా ఉంది. 'నిలిచె మల్లియలయి' దగ్గర గణం (గురులఘువుల గుంపు) మాట మధ్యలో విరిగినా నాలుక తడబడలేదు. సందేహమల్లా ఒక్కటే. అంత గాలికి సాలెగూడు మిగులుతుందా?

కలువరేకు:
మిగలదు, అందుకే 'అల్లు' అన్నాను. చక్రంలా గూడు కట్టే సాలీళ్లలో చాలావాటికి పాత గూడును తినేసి మళ్లీ కొత్తది అల్లుకోవడం రోజువారీ పని. వాన నిలిచినా పై ఆకులు చాలాసేపు కారుతూనే ఉంటాయి కదండీ, ఆ చుక్కలే ఇవి.

గండుతుమ్మెద:
పగలు వాలువేళఁ బడమటి దిక్కున
ఏడు రంగు లొలికి యింద్రధనువు
కొమ్మపైని వాలి కుసుమగుచ్ఛంబయ్యె;
విరిగినట్టి కొమ్మ విరులఁ బూచె.

కలువరేకు:
'కుసుమగుచ్ఛంబయ్యె'! విల్లు మొత్తం కాదు, దాని కొస ఒక్కటే వచ్చి మోడు మీద వాలిందన్న ఊహ నాకెప్పటికీ రాదు.

గురులఘువు:
గండుతుమ్మెద గారూ, ఊహకు వంక పెట్టను. దిక్కు మాత్రం తప్పింది. ఇంద్రధనుస్సు చూసేవాడికి సూర్యుడు వీపు వెనకే ఉండాలి. పగలు వాలే వేళ సూర్యుడే పడమట ఉంటే విల్లు తూర్పున పడాలి. ఆ విల్లు సూర్యుడికి సరిగ్గా ఎదుటి బిందువు చుట్టూ 42 డిగ్రీల దూరంలో కడుతుంది. సూర్యుడు అంతకన్నా పైకెక్కితే నేల మీద నిలబడ్డవాడికి విల్లే ఉండదు. అందుకే పొద్దున్నో సాయంత్రమో చూస్తాం, మిట్టమధ్యాహ్నం కాదు.

గండుతుమ్మెద:
దిక్కు ఒప్పుకుంటాను. కానీ మీ నోట వినాల్సిన మాట ఇంకొకటి ఉంది. 'వాన లేని నాఁడు వరద వచ్చె' అన్న సమస్యకు నేను 'ఎగువ కొండమీఁద నెడతెగక కురిసి' అని ఎత్తుకుంటే, 'యతిస్థానంలో (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోట) న ఉంది, ఎకారం ఎక్కడ' అని అందరి ముందూ నిలదీశారు. నేను చెప్పింది ఎవరూ వినలేదు. ఇప్పుడు నా రెండో పాదంలో 'ఏ'కి ఎదురుగా 'యిం' ఉంది. దీన్నెందుకు వదిలేశారు?

గురులఘువు:
వదిలెయ్యలేదు, సరిగ్గా ఉంది కాబట్టి మాట్లాడలేదు. 'ఒలికి' క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ. దాని ఇకారానికి సంధి లేదు, యడాగమం వచ్చింది, అంటే నడుమ య చేరింది. యతికి ఇకారమే లెక్క. ఇక ఆ పాత పద్యం సంగతి. 'మీఁద' చివర చేరే ద్రుతం, అంటే 'న్' అనే నకారమే, ఎకారంతో కలిసింది, యతి అచ్చుకే చెల్లుతుంది. ఆ రోజు తప్పు నాది. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

గండుతుమ్మెద:
ఇన్నాళ్లూ అది ముల్లులా ఉండిపోయింది. సంతోషం. మరి దిక్కు ఎలా సరిచేయను? 'తూర్పు' పెడితే యతి పోతుంది.

గురులఘువు:
దిక్కును కదపకండి, పూటను మార్చండి. 'పగలు పుట్టువేళఁ బడమటి దిక్కున'. ఉదయం సూర్యుడు తూర్పున, విల్లు పడమట. గణమూ యతీ చెక్కుచెదరవు. రాత్రి తుఫాను పోయిన ఉదయాన మోడు మీద వాలిన విల్లు మీ సాయంత్రం కంటే నాకు ఎక్కువ నచ్చింది కూడా.

రేచుక్క:
రేయి మబ్బు చెదరి రిక్కలు గనుపింపఁ
దడిసినట్టి యాకు తళతళ మెఱసె;
చుక్క నీడ వచ్చి చుక్కలో నిలువఁగ
విరిగినట్టి కొమ్మ విరులఁ బూచె.

నిర్వాహకుడు:
'చుక్క నీడ వచ్చి చుక్కలో'! ఈ చర్చలో ఇంతవరకూ నన్ను కుర్చీలోంచి లేపిన పాదం ఇదే. ఆకాశంలోదీ చుక్కే, ఆకు చివరిదీ చుక్కే. ఈ చమత్కారాన్ని తెలుగు తనంతట తానే ఇస్తుంది, ఏరుకునే చెయ్యి ఉండాలి. వాన గాలిలోని దుమ్మును కడిగేశాక మబ్బు విడితే నక్షత్రాలు ఎంత దగ్గరికొస్తాయో చూసినవాళ్లకు ఈ పద్యం ఇంకా బాగా అందుతుంది.

గురులఘువు:
మూడో పాదానికి నమస్కారం. రెండో పాదంలో 'తళత', 'ళమెఱ'తో గణాలు పూర్తయ్యాయి, 'సె' ఒక్కటీ మిగిలింది. వాన వెలిశాక ఆకు చివర రాలకుండా వేలాడే చుక్కలా ఉంది. 'తళుకు లీనె' అంటే సరి.

రేచుక్క:
ఆ పాదాన్ని పదిసార్లు చదువుకున్నాను. నోటితో చదివానే గాని వేళ్లతో లెక్కపెట్టలేదు. మార్చేశాను.

నీటికాకి:
వాగు పొంగి నిలువ, వంగిన కొమ్మొండు
మునిఁగె సగము; సగము మొగ్గ తొడిగె;
కనులు మోసపోయెఁ గాంచినంతనె, నీట
విరిగినట్టి కొమ్మ విరులఁ బూచె.

కొమ్మ విరగనే లేదు. నీటిలోంచి గాలిలోకి వచ్చే కాంతి వంగడం వల్ల మునిగిన సగం ఉన్నచోటి కన్నా పైకి కనబడుతుంది, గట్టు మీంచి చూసేవాడికి నీటి అంచు దగ్గర విరిగినట్టు తోస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.33 అని బడిలో బట్టీ పట్టినప్పుడు ఇది ఒకనాడు పద్యానికి పనికొస్తుందని అనుకోలేదు.

గండుతుమ్మెద:
'నీట'ను మూడో పాదం చివర పెట్టి సమస్యకు అతికించారు చూడండి, పూరణ అంతా ఆ రెండక్షరాల్లోనే ఉంది. విరగనిదాన్ని విరిచారు! కానీ పొంగిన వాగు నీళ్లు బురదగా ఉంటాయి. మునిగిన సగం కనబడేదెలా?

కలువరేకు:
నాకు ఇంకో చిక్కు. రెండో పాదంలో మొగ్గ తొడిగి నాలుగో పాదంలోనే పూస్తే తొందరగా లేదూ?

నీటికాకి:
బురద మాట ఒప్పుకుంటున్నాను. 'వాగు తేటపడఁగ' అంటాను. వాగు తేటపడేసరికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి కలువరేకు గారి మొగ్గలకూ విచ్చుకునే వ్యవధి దొరికింది.

తొలకరి:
అందరూ కళ్లతోనే చూశారు. వాన వెలిస్తే ముందు తెలిసేది ముక్కుకు కదా.

కన్ను మూసి నిలిచి గాలిఁ బీల్చితి, మట్టి
తావి చెప్పె నాకుఁ దడయకుండఁ;
జూడలేదు గాని సురభిళంబై తోఁచె;
విరిగినట్టి కొమ్మ విరులఁ బూచె.

నీటికాకి:
ఆ తావి వెనక మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఉంటుంది. వానచినుకు మట్టిని తాకినప్పుడు చిన్న చిన్న గాలిబుడగలు పైకొచ్చి పగిలి దాన్ని గాల్లోకి చిమ్ముతాయి. ఎండిన నేల మీద తొలివాన పడ్డప్పటి వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. మనకు 'మట్టివాసన' అంటే చాలు, ఒళ్లు తడుస్తుంది.

గురులఘువు:
పద్యంలో తప్పు లేదు. కానీ మట్టి తావి కొమ్మ పూచిన సంగతి ఎలా చెప్పింది? పూల తావి చెప్పాలి. అతుకు కాస్త కనిపిస్తోంది.

చిగురాకు:
ఆలస్యమైంది. చమత్కారం ఏమీ లేదు, చూసిందే రాశాను.

తెగని బెరడు చాలుఁ దీఁగవోలెను బట్టి
తల్లి చెట్టు పాలు ధార వోయ
నేలఁ దాఁకి కూడ నిన్నటి మొగ్గతో
విరిగినట్టి కొమ్మ విరులఁ బూచె.

నీటికాకి:
బెరడు లోపలి పొర ఆకుల్లో తయారైన తిండిని మోస్తుంది. వేళ్ల నుంచి నీళ్లు మోసేది దాని లోపలి చెక్క. బెరడు ఒక్కటే మిగిలితే దాహం తీరదు.

చిగురాకు:
బెరడుతో పాటు చిటికెన వేలంత చెక్క కూడా చీలకుండా మిగిలింది. అది పద్యంలో పట్టలేదు.

గండుతుమ్మెద:
అందరం కొమ్మ నిజంగా పూయదని అనుకుని, సాలెగూడు తెచ్చాం, విల్లు తెచ్చాం, చుక్కలు తెచ్చాం. మీరొక్కరే పూయించారు. 'నిన్నటి మొగ్గతో' అన్నమాట దగ్గర ఆగిపోయాను. మొగ్గకు తుఫాను వచ్చిన సంగతి తెలియదు, దాని పూట వచ్చింది, విచ్చుకుంది. గురులఘువు గారూ, దీంట్లో కూడా లఘువు వెతుకుతారా?

గురులఘువు:
వెతికాను, దొరకలేదు. నాలుగుసార్లు చదివాను, అది మాత్రం తప్పు పట్టడానికి కాదు.

నిర్వాహకుడు:
చిగురాకు గారి పద్యం చదివాక మళ్లీ గోడ దగ్గరికి వెళ్లి చూశాను. మా కొమ్మ కూడా పూర్తిగా తెగలేదు, ఒక పక్క బెరడు పట్టుకునే ఉంది. మొగ్గలు మూడున్నాయి, ఇంకా విచ్చలేదు. రేపు పొద్దున్నే చూసి చెబుతాను.